పగలు అంత ఎండ, రాత్రి ఇంత చలి ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

మే నెలలో రామగుండంలో మధ్యాహ్నం సుమారు 42 డిగ్రీలు ఉంటుంది. తెల్లవారుజాముకి 28కి దిగుతుంది. అదే నెలలో విశాఖపట్నంలో పగలు 34, 35 దాకా వెళ్లి, రాత్రి 28 దగ్గర ఆగిపోతుంది. ఒకచోట తేడా 14 డిగ్రీలు, ఇంకోచోట ఆరేడు. రెండు ఊళ్లలోనూ పొద్దు ఇంచుమించు ఒకేసారి పొడుస్తుంది, ఒకేసారి కుంకుతుంది. మరి ఈ తేడా ఎక్కడిది?

"రాత్రి సూర్యుడు ఉండడు కాబట్టి చల్లబడుతుంది" అని బడిలో చెబుతారు. అది నిజమే గానీ సగం సమాధానమే. ఆ సగంతో విశాఖ, రామగుండంల తేడా తేలదు. మబ్బు పట్టిన రాత్రి ఉక్కపోత ఎందుకో, వేప చెట్టు కింద పెట్టిన బండి మీద మంచు ఎందుకు పడదో కూడా తేలదు. మిగతా సగం కోసమే ఈ ప్రశ్నలు, జవాబులు.

రాత్రి చల్లబడడానికి అసలు కారణం ఏమిటి?

నేల ఎప్పుడూ వేడిని బయటికి వదులుతూనే ఉంటుంది. రాత్రే కాదు, మిట్టమధ్యాహ్నం కూడా. ఆ వేడి పరారుణ కిరణాల రూపంలో పోతుంది. కంటికి కనబడదు, ఒంటికి తెలుస్తుంది. వేసవి సాయంత్రం పడమటి గోడ పక్కనుంచి నడిస్తే, ముట్టుకోకపోయినా చెంపకు సెగ తగులుతుంది కదా, అదే ఇది.

30 డిగ్రీల వేడితో ఉన్న నేల ప్రతి చదరపు మీటరు నుంచీ సుమారు 480 వాట్ల వేడిని పైకి పంపుతుంది. మిట్టమధ్యాహ్నం తేటగా ఉన్న ఆకాశం నుంచి అదే చదరపు మీటరు మీద పడే ఎండ 900 నుంచి 1,000 వాట్లు. అప్పుడు ఖర్చు కన్నా రాబడి ఎక్కువ కాబట్టి నేల వేడెక్కుతుంది. పొద్దు గుంకగానే రాబడి ఆగిపోతుంది. ఖర్చు మాత్రం ఆగదు.

ఆ 480 వాట్లూ తిరిగి రాకుండా పోతే తెల్లారేసరికి మనం బిగుసుకుపోవలసిందే. అలా జరగకుండా కాపాడేది గాలి. గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మబ్బులు నేల వదిలిన వేడిని పట్టుకుని, అందులో చాలా భాగం తిరిగి కిందికి పంపుతాయి. పొడిగాలి, తేటైన ఆకాశం ఉన్న రాత్రి నేలకు జరిగే నికర నష్టం చదరపు మీటరుకు వంద వాట్ల దాకా ఉండవచ్చు. దట్టంగా మబ్బు కమ్మితే అది పది, ఇరవై వాట్లకు పడిపోతుంది.

"చలి దిగింది" అంటాం మనం. నిజానికి దిగింది ఏమీ లేదు. వేడి పైకి పోయింది, ఆకాశం తిరిగి ఇవ్వలేదు. ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకుంటే కింద ఉన్న ప్రశ్నల్లో చాలావాటికి జవాబు మీకే తడుతుంది.

రాత్రి మనం సూర్యుడికి దూరమవుతాం కాబట్టి చల్లబడుతుందా?

కాదు. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు. సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. రాత్రి అటువైపు తిరిగినందువల్ల పెరిగే దూరం అందులో పదివేల వంతు కూడా కాదు. పైగా ఏడాది మొత్తంలో భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. మనకు అది సంక్రాంతి చలి.

ఎండ 12 గంటలకు నడినెత్తిన ఉంటే, వేడి 3 గంటలకు ఎందుకు ఎక్కువ?

తొట్టిలోకి కుళాయి ధార పడుతోంది, అడుగున చిన్న చిల్లు ఉంది అనుకోండి. ధార కొంచెం తగ్గినా, చిల్లులోంచి పోయేదానికన్నా పడేది ఎక్కువ ఉన్నంతసేపూ నీటి మట్టం పెరుగుతూనే ఉంటుంది. నేల లెక్క కూడా అంతే. 12 తర్వాత ఎండ తగ్గుముఖం పట్టినా, నేల పోగొట్టుకునేదానికన్నా వచ్చేదే ఇంకా ఎక్కువ. రెండూ సమానమయ్యేసరికి మధ్యాహ్నం రెండున్నర, మూడు, ఒక్కోసారి నాలుగు అవుతుంది. గాలి నేరుగా ఎండకు పెద్దగా వేడెక్కదు, కింద ఉన్న నేలే దాన్ని కాచాలి. ఆలస్యానికి అది కూడా ఒక కారణం.

తెల్లవారుజామున కూడా ఇదే లెక్క, తిరగేసి. అర్ధరాత్రి రెండింటికన్నా ఆరింటికి చలి ఎక్కువ. పొద్దు పొడిచిన తర్వాత కూడా కాసేపు చలి పెరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఏటవాలుగా పడే తొలి ఎండ నేల పోగొట్టుకునే వేడిని ఇంకా పూడ్చలేదు. తెల్లవారి పొలానికి నీరు కట్టడానికి వెళ్లేవాళ్లు "పొద్దెక్కేముందే చలి కొరికేస్తుంది" అంటారు. వాళ్ల అనుభవం, వాతావరణ శాఖ పరికరాలు ఇక్కడ ఒకే మాట చెబుతాయి.

టీవీలో 42 డిగ్రీలు అంటారు, నా కారులో 46 చూపిస్తోంది. ఏది నిజం?

రెండూ నిజమే, కొలిచిన చోటు వేరు. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటరును తెల్ల రంగు వేసిన, గాలి ఆడే చెక్క పెట్టెలో, నేలకు సుమారు 1.25 మీటర్ల ఎత్తున, నీడలో ఉంచుతారు. దాన్ని స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. అక్కడ కొలిచేది గాలి వేడి. పగటి గరిష్ఠాన్ని సాయంత్రం 5:30కి, రాత్రి కనిష్ఠాన్ని ఉదయం 8:30కి చూసి రాసుకుంటారు. గరిష్ఠం అప్పుడే వచ్చిందని కాదు. అంతకుముందు గంటల్లో పాదరసం ఎక్కడిదాకా వెళ్లిందో ఆ థర్మామీటరులో గుర్తు నిలిచిపోతుంది.

కారు చూపించేది తారు రోడ్డు మీది సెగను. వేసవి మధ్యాహ్నం తారు రోడ్డు 60 డిగ్రీలు దాటడం మామూలే. రాత్రి దీనికి సరిగ్గా వ్యతిరేకం. తేటగా, గాలి లేకుండా ఉన్న చలికాలపు రాత్రి గడ్డి పరకల దగ్గర వేడి, పెట్టెలోని గాలికన్నా కొన్ని డిగ్రీలు తక్కువగా ఉంటుంది. పగలు గాలికన్నా ఎక్కువ వేడెక్కేదీ, రాత్రి గాలికన్నా ఎక్కువ చల్లబడేదీ నేలే.

మబ్బు పట్టిన రాత్రి ఉక్కపోత ఎందుకు?

మబ్బు నేల మీద కప్పిన దుప్పటి లాంటిది. నేల వదిలిన పరారుణ వేడిని పీల్చుకుని, తన వేడిని తాను కిందికి వదులుతుంది. పగలు అదే మబ్బు ఎండను అడ్డుకుని నీడనిస్తుంది. కాబట్టి మబ్బు ఉన్న రోజు గరిష్ఠం తగ్గుతుంది, కనిష్ఠం పెరుగుతుంది, రెండూ దగ్గరకొస్తాయి.

హైదరాబాదు లెక్క చూస్తే ఇది బాగా తెలుస్తుంది. జనవరిలో పగలు సుమారు 29, రాత్రి సుమారు 15. ఆగస్టులో పగలు సుమారు 30, రాత్రి 22, 23. పగటి వేడి ఇంచుమించు ఒకటే, రాత్రిళ్లే పూర్తిగా వేరు. ఆగస్టులో నగరం మీద మబ్బు, గాలిలో తేమ. జనవరిలో అద్దంలాంటి ఆకాశం.

మబ్బు లేకపోయినా తేమ ఒక్కటే ఈ పని కొంత చేస్తుంది. నీటి ఆవిరి కంటికి కనబడదు గానీ వేడిని పట్టుకోవడంలో మహా గట్టిది. ఈ సంగతిని ప్రయోగశాలలో మొదట గుర్తించినవాళ్లలో ఇద్దరి పేర్లు చెప్పుకోవాలి: 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్, 1859 నుంచి లండన్‌లో జాన్ టిండాల్. తేమ గాలి, కార్బన్ డయాక్సైడ్ నింపిన గాజు గొట్టాలు ఎండలో మామూలు గాలి కన్నా ఎక్కువ వేడెక్కుతున్నాయని ఫుట్ చూపించారు. నేల వదిలే కనబడని వేడిని ఈ వాయువులు ఎలా పట్టుకుంటాయో టిండాల్ కొలిచి చూపించారు. ఫుట్ పేరు చాలాకాలం మరుగున పడిపోయింది, అందుకే ఇక్కడ ముందు రాశాను.

సముద్రం పక్కన తేడా ఎందుకు తక్కువ?

ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి పట్టే వేడితో, ఒక కిలో పొడి ఇసుకను ఐదు డిగ్రీల దాకా వేడి చేయవచ్చు. నీటికి అంత ఓపిక. పైగా ఎండ నీటిలో చాలా లోతుకు దిగుతుంది, అలలు పైనీటినీ కిందినీటినీ కలిపేస్తాయి. నేల మీద ఎండ వేడి ఒక జానెడు లోతు దాటి వెళ్లేసరికే రోజు గడిచిపోతుంది. అందుకని నడిసముద్రంలో పైనీటి వేడి పగటికీ రాత్రికీ మామూలుగా ఒక డిగ్రీ కూడా మారదు.

వేసవిలో బంగాళాఖాతం నీళ్లు 29, 30 డిగ్రీల దగ్గర ఉంటాయి. దాని పక్కన ఉన్న విశాఖ, కాకినాడ, మచిలీపట్నం రాత్రి 28 కన్నా కిందికి దిగడానికి మొరాయించడంలో వింత లేదు. పగలేమో నేల వేడెక్కి, ఆ గాలి పైకి లేచి, దాని చోటులోకి సముద్రపు గాలి వస్తుంది. గరిష్ఠాన్ని అది అదుపులో పెడుతుంది. రాత్రి నేల సముద్రం కన్నా ఎక్కువ చల్లబడి గాలి దిశ తిరుగుతుంది, నేల మీంచి కడలి వైపు వీస్తుంది. తెరచాప పడవల రోజుల్లో తెల్లవారకముందే వేటకు బయల్దేరినవాళ్లను లోపలికి తీసుకెళ్లింది ఈ గాలే.

ఒక్కోరోజు పడమటి పొడిగాలి బలంగా వీచి సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వదు. ఆ రోజు కోస్తాలోనూ 43, 44 చూస్తాం. అందుకే మేలో "ఈరోజు సముద్రపు గాలి వచ్చిందా?" అనేది తీరం ఊళ్లలో నిజమైన పలకరింపు.

ఎడారిలో పగలు కాలిపోయి రాత్రి వణికిపోతారని అంటారు. ఇసుక వల్లనా?

ఇసుక పాత్ర ఉంది గానీ పెద్ద పాత్ర పొడిగాలిది. ఎడారి గాలిలో నీటి ఆవిరి తక్కువ, మబ్బు అరుదు. పగలు ఎండకు అడ్డు లేదు, రాత్రి వేడి పోవడానికీ అడ్డు లేదు. నేలలో తడి లేదు కాబట్టి పగటి ఎండ ఆవిరి చేయడానికి ఖర్చు కాదు, మొత్తం వేడెక్కించడానికే పోతుంది. పొడి ఇసుకలో వేడి లోపలికి సరిగ్గా దిగదు, పైపొరే మాడుతుంది, పైపొరే చల్లారుతుంది.

మన దగ్గర రాయలసీమ, పల్నాడు, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఎండాకాలం మొదట్లో, ఫిబ్రవరి, మార్చిలలో, ఇదే సంగతి చిన్న ఎత్తున కనిపిస్తుంది. మధ్యాహ్నం ఫ్యాను కావాలి, తెల్లవారుజామున దుప్పటి కావాలి. "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అన్న మాట పగటికి ముందే నిజమవుతుంది. రాత్రికి నిజం కావడానికి ఇంకొన్నాళ్లు పడుతుంది.

అసలు గాలే లేకపోతే ఏమవుతుంది?

తల ఎత్తి చూడండి, చంద్రుడు ఉన్నాడు. సూర్యుడి నుంచి భూమి ఎంత దూరమో చంద్రుడూ ఇంచుమించు అంతే దూరం. కానీ అక్కడ మధ్యరేఖ దగ్గర పగలు సుమారు 120 డిగ్రీలు, రాత్రి సున్నాకు 130 డిగ్రీలు కింద. వేడిని పట్టి ఉంచే గాలి లేదు, ఓపిక ఉన్న సముద్రం లేదు. పైగా పగలు మన లెక్కలో దాదాపు పద్నాలుగు రోజులు, రాత్రి పద్నాలుగు రోజులు.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడు మనమంతా చూశాం. విక్రమ్ ల్యాండర్‌లో ఉన్న చేస్ట్ అనే పరికరం చంద్రుడి మట్టిలోకి దిగి వేడి కొలిచింది. పైన 50 డిగ్రీలు దాటి ఉంటే, కేవలం 8 సెంటీమీటర్ల లోతున సున్నాకు 10 డిగ్రీలు కింద ఉంది. మన చెయ్యి వెడల్పు లోతులో అరవై డిగ్రీల తేడా! చంద్రుడి పైమట్టి వేడిని లోపలికి ఎంత పోనివ్వదో దీంతో తెలిసింది. సెప్టెంబరు మొదట్లో అక్కడ పొద్దు గుంకే ముందు ల్యాండర్‌ను, రోవర్‌ను నిద్రపుచ్చారు. ఆ రాత్రి చలి దాటి అవి మళ్లీ లేవలేదు. వాటిని తయారు చేసింది ఒక్క చంద్ర పగలు పనిచేయడానికే, ఆ పని పూర్తిచేశాయి. అయినా ఆ రోజుల్లో సంకేతం వస్తుందేమోనని ఎదురుచూసిన వాళ్లలో నేనూ ఉన్నాను.

గాలి మరీ ఎక్కువైతే ఏమవుతుందో శుక్రుడు చూపిస్తాడు. అక్కడ దట్టమైన కార్బన్ డయాక్సైడ్ కమ్ముకుని ఉంటుంది. ఒక్క రాత్రి మన రెండు నెలలకు దగ్గర. అయినా పగలూ రాత్రీ నేల మీద ఒకటే వేడి, సుమారు 465 డిగ్రీలు. సూర్యుడికి ఇంకా దగ్గరగా ఉన్న బుధుడికి గాలి పొర లేదు, అక్కడ పగలు 430, రాత్రి సున్నాకు 180 కింద. ఈ రెండు గ్రహాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, రాత్రి ఎంత చల్లబడాలో నిర్ణయించేది తలమీది కప్పు అని తేటతెల్లమవుతుంది.

లంబసింగిలో అంత చలి ఎందుకు? అది మంచుకొండ కాదు కదా?

ఎత్తు ఒక కారణం. ప్రతి కిలోమీటరు ఎత్తుకు వాతావరణం సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. లంబసింగి సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. కానీ ఎత్తు ఒక్కటే అయితే విశాఖ 18 ఉన్న రాత్రి అక్కడ 11, 12 ఉండాలి. దగ్గరలోని చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో కొన్ని డిసెంబరు, జనవరి రాత్రుల్లో 5 డిగ్రీల లోపు కూడా నమోదైంది.

మిగతా చలి కొండల ఆకారం వల్ల వస్తుంది. తేటైన రాత్రి కొండవాలు వేడిని ఆకాశానికి పోగొట్టుకుని చల్లబడుతుంది, దాన్ని తాకిన గాలీ చల్లబడి బరువెక్కుతుంది. ఆ బరువైన గాలి వాన నీరులా వాలు వెంట జారి పల్లంలో చేరుతుంది. తెల్లారేసరికి లోయ చల్లగాలితో నిండిన గిన్నె అవుతుంది. అప్పుడు పైన వెచ్చగా, కింద చల్లగా ఉంటుంది, మామూలుకు తలకిందులుగా. అరకులో పొద్దున్నే కొండెక్కి చూస్తే కింద పాల సముద్రంలా కనిపించే మంచు ఈ గిన్నెలో నిలిచినదే. ఆసిఫాబాద్ జిల్లాలో సిర్పూర్, గిన్నెధరి వైపు చలి వార్తలకు కూడా అడవి, పొడిగాలి, ఇలాంటి పల్లాలే కారణం.

చలికాలం ఉదయం పల్లెల్లో పొయ్యి పొగ పైకి లేవకుండా ఇళ్ల కప్పుల ఎత్తులో పలచగా పరుచుకోవడం చూసే ఉంటారు. పైన ఉన్న వెచ్చటి గాలి మూతలా పనిచేసి దాన్ని పైకి పోనివ్వడం లేదు.

వెన్నెల చల్లగా ఉంటుందంటారు. నిజంగా చల్లబరుస్తుందా?

వెన్నెల చల్లబరచదు, వేడీ చేయదు. పున్నమి వెన్నెల ఎండలో నాలుగు లక్షల వంతు. కానీ వెన్నెల బాగా కాసిన రాత్రి అంటే ఆకాశం తేటగా ఉన్న రాత్రి, నేల వేడి ధారాళంగా పైకి పోయే రాత్రి. చలిని గమనించిన మన పెద్దలు పొరబడలేదు, దానికి కారణం చందమామ అనుకున్నారంతే. అమావాస్య రాత్రి ఆకాశం అంతే తేటగా ఉంటే అంతే చల్లగా ఉంటుంది.

బయట పెట్టిన కారు అద్దం మీద మంచు పడుతుంది, చెట్టు కింద పెడితే పడదు. ఎందుకు?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. మంచు పైనుంచి వానలా "పడదు", అద్దం మీదే పుడుతుంది. అద్దం ఆకాశానికి వేడి పోగొట్టుకుని, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. దాన్ని తాకిన గాలిలోని ఆవిరి చుక్కలవుతుంది. చెట్టు కింద ఉన్న అద్దానికి ఆకాశం కనబడదు, ఆకులు కనబడతాయి. ఆకులు ఇంచుమించు గాలి అంత వెచ్చగా ఉండి, అద్దం పోగొట్టుకున్నంత వేడినీ తిరిగి ఇస్తాయి. రేపు పొద్దున్నే చూడండి: ఆకాశం వైపు వాలి ఉన్న ముందు అద్దం తడిసి ముద్దయి ఉంటుంది, నిటారుగా ఉన్న పక్క అద్దాలు దాదాపు పొడిగా ఉంటాయి.

దీన్ని మొదట వివరంగా తేల్చింది విలియం చార్లెస్ వెల్స్ అనే లండన్ వైద్యుడు. 1814లో మంచు బిందువుల మీద ఆయన రాసిన వ్యాసం అచ్చయింది. గడ్డికి కాస్త పైన పలచటి చేతిరుమాలు పరచి కట్టినా దాని కింద గడ్డి వెచ్చగా ఉంటోందని ఆయన కొలిచి చూశాడు. నారుమడి మీద గడ్డి కప్పే మన రైతుకు ఆ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

మంచు పుట్టేటప్పుడు ఇంకొకటి జరుగుతుంది. ఆవిరి నీరవుతూ, తనలో దాచుకున్న వేడిని బయటికి వదులుతుంది. అందువల్ల మంచు పట్టడం మొదలయ్యాక చలి పెరిగే వేగం తగ్గుతుంది. తేమ ఉన్న చోట రాత్రి మరీ చల్లబడకపోవడానికి ఇది రెండో కారణం.

ఈ చలితో మంచుగడ్డ చేసేవారట, నిజమా?

నిజమే. యంత్రాలు రాకముందు అలహాబాదులో చేసేవారు. 1775లో సర్ రాబర్ట్ బార్కర్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆ పద్ధతి వర్ణించాడు. బయలు నేలలో రెండడుగుల లోతు వెడల్పాటి గోతులు తవ్వి, అడుగున చెరకు పిప్పో జొన్న చొప్పో లాంటి ఎండు కాడలు మందంగా పరిచేవారు. దాని మీద చిన్న చిన్న మట్టి మూకుళ్లు వరసగా పెట్టి, కాచి చల్లార్చిన నీళ్లు పొద్దుగూకే వేళ పోసేవారు. తెల్లవారకముందే వెళ్లి మూకుళ్లలోని మంచు పలకలు ఏరుకునేవారు. అక్కడ గాలి సున్నాకు దిగకపోయినా నీళ్లు గడ్డకట్టేవి. కింద చొప్ప నేల వేడిని రానివ్వదు, పైన తేటైన ఆకాశం వేడిని లాగేసుకుంటుంది. మట్టి మూకుడు చెమర్చి ఇంకాస్త చల్లబరుస్తుంది. గాలి వీచినా, మబ్బు పట్టినా ఆ రాత్రి పని వృథా. ఈ పనివాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఆకాశం వేడిని ఎలా తీసుకుంటుందో లెక్కలతో తేలకముందే వాళ్ల చేతులకు తెలుసు.

బయట చల్లబడినా మా డాబా ఇంట్లో రాత్రి పదింటికి ఎందుకు ఉడికిపోతాం?

నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు పగలంతా వేడి తాగుతుంది. పైన తాగిన వేడి కింది వైపుకు చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండింటి ఎండ మీ మంచం మీదికి దిగేది రాత్రి అయ్యాకే. ఆ సమయంలో ఫ్యాను వేస్తే స్లాబు కింది వేడిగాలినే మీ మీదికి తోస్తుంది.

మా చిన్నప్పుడు పల్నాడులో వేసవి రాత్రుళ్లు ఎవరూ ఇంట్లో పడుకునేవారు కాదు. సాయంత్రం డాబా మీద నాలుగు బిందెలు నీళ్లు చల్లి, అది "చుయ్" మని ఆరాక చాపలు పరిచేవాళ్లం. మా అమ్మమ్మ "పైకి చూస్తూ పడుకో, చల్లగా ఉంటుంది" అనేది. నక్షత్రాలు చూపించి మమ్మల్ని నిద్రపుచ్చడానికి అంటోంది అనుకునేవాడిని. ఆకాశం కనబడే చోట ఒంటి వేడి పైకి పోతుందని చదువుకున్న తర్వాత ఆ మాట బరువు తెలిసింది. ఆ నీళ్ల సంగతీ చిన్నది కాదు: ఒక లీటరు నీరు ఆవిరైపోతూ తీసుకెళ్లే వేడితో ఏడు లీటర్ల మామూలు నీళ్లను మరిగించవచ్చు.

చేయదగిన పనుల్లో మొదటిది పైకప్పుకు తెల్ల సున్నమో తెల్ల రంగో వేయడం. అది పగలు ఎండను వెనక్కి కొడుతుంది, రాత్రి మాత్రం మిగతా రంగుల్లాగే వేడిని వదులుతుంది. పరారుణ కిరణాలకు నలుపు, తెలుపు భేదం పెద్దగా లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది కూడా ఇందుకే. రెండోది, రామగుండం, కర్నూలు లాంటి పొడి ఊళ్లలో ఉదయం ఎనిమిదికల్లా కిటికీలు మూసి, బయటి గాలి లోపలికన్నా చల్లబడ్డాక తెరవడం. తీరం ఊళ్లలో ఈ కిటికీల చిట్కా అంతగా పనిచేయదు, రాత్రి గాలి అక్కడ పగటికన్నా పెద్దగా చల్లబడదు కాబట్టి. అక్కడ గాలి ఆడడమే ముఖ్యం, కిటికీలు తెరిచే ఉంచండి.

సూర్యగ్రహణం వేళ కూడా చల్లబడుతుందా?

అవును, సంపూర్ణ గ్రహణంలో కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. 1980 ఫిబ్రవరి 16 నాటి గ్రహణం తెలుగు నేల మీదుగా వెళ్లింది, హైదరాబాదు దగ్గరి జపాల్–రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలించారు. నడి మధ్యాహ్నం దాటాక వచ్చిన చిన్న రాత్రి అది. నేలలో దాచిన వేడి మొత్తం పోయేంత సమయం దానికి ఉండదు.

రాత్రి వేడిగా ఉంటే అంత ప్రమాదమా? ఎండ పగలే కదా?

ప్రమాదమే, దీన్ని మనం తేలిగ్గా తీసుకుంటున్నాం. పగలంతా ఎండలో అలసిన గుండె, రక్తనాళాలు రాత్రి చల్లదనంలో తేరుకుంటాయి. రాత్రి కూడా 30 దాటి ఉంటే ఆ విరామం దొరకదు, మర్నాటి ఎండ అలసిన ఒంటి మీదే పడుతుంది. 2015 మేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి వెయ్యి మందికి పైగా వడగాలులకు బలయ్యారు. కూలీలు, ముసలివాళ్లు, రేకుల ఇళ్లలో ఉండేవాళ్లు ఇలాంటి వేడికి ముందుగా గురవుతారు. వాతావరణ శాఖ వేడి రాత్రులకు విడిగా లెక్క పెట్టింది: గరిష్ఠం 40 లేదా ఆ పైన ఉన్నప్పుడు కనిష్ఠం సాధారణం కన్నా 4.5 డిగ్రీలు గానీ అంతకు మించి గానీ ఎక్కువగా ఉంటే హెచ్చరిక ఇస్తుంది. పేపర్లో గరిష్ఠం ఒక్కటే చూడకండి, పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న కనిష్ఠం కూడా చూడండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే అదే ముఖ్యం.

నగరాల్లో ఇది ఇంకా ఎక్కువ. కాంక్రీటు, తారు పగటి వేడిని దాచుకుంటాయి. చెరువులు పూడి, చెట్లు పోయి ఆవిరయ్యే నీరు తగ్గింది. ఇరుకు వీధిలో నిలబడితే పైన కనిపించే ఆకాశం ఒక చీలిక, ఒక గోడ వదిలిన వేడి ఎదురు గోడకే తగులుతుంది. ఏసీలు లోపలి వేడిని వీధిలోకి తోస్తాయి. నగరానికీ శివారు పల్లెకూ తేడా మధ్యాహ్నం కన్నా రాత్రే ఎక్కువగా కనిపించేది అందుకే.

భూమి మొత్తం మీద చూసినా, 1950 తర్వాత రాత్రి కనిష్ఠాలు పగటి గరిష్ఠాల కన్నా వేగంగా పెరిగాయి. నేల వదిలే వేడిని పట్టుకునే వాయువులు పెరిగితే ఆ ప్రభావం రాత్రి కూడా ఆగదు.

పంటలకు దీంతో ఏమిటి సంబంధం?

మొక్క పగలు ఎండతో ఆహారం తయారు చేసుకుంటుంది, రాత్రి శ్వాసకు అందులో కొంత ఖర్చు చేస్తుంది. రాత్రి వెచ్చగా ఉంటే ఆ ఖర్చు పెరుగుతుంది, గింజకు చేరేది తగ్గుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1979 నుంచి 2003 వరకు తీసిన వేడి లెక్కలు, 1992 నుంచి 2003 వరకు పొలాల్లో తీసిన దిగుబడి లెక్కలు 2004లో అచ్చయ్యాయి. అక్కడ పొడి కాలపు వరిలో రాత్రి కనిష్ఠం ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గింది. పగటి గరిష్ఠంతో అలాంటి సంబంధం కనబడలేదు. దాళ్వా, అంటే రెండో పంట వరి, వేసే మన డెల్టా రైతులకు ఇది పరాయి సంగతి కాదు.

మామిడికి చలి రాత్రులు కావాలి. డిసెంబరు, జనవరిలో రాత్రులు తగినంత చల్లబడకపోతే చెట్టు పూత బదులు చిగురు వేస్తుంది. తోటలవాళ్లు సంక్రాంతి చలి బాగా ఉండాలని కోరుకునేది అందుకే.

ఇదంతా ఇంట్లో చూడగలమా?

మబ్బు, గాలి లేని చలికాలపు రాత్రి ఒకటి ఎంచుకోండి. ఒకే రకం స్టీలు పళ్లేలు రెండు తీసుకుని, రెంటికీ ఒక్కో పలచటి నల్లటి గుడ్డ తడపకుండా పరచండి. రెండింటి కిందా మడతపెట్టిన దుప్పటో, కొంచెం గడ్డో వేయండి, నేల వేడి తగలకుండా. ఒకటి డాబా మీద ఆకాశం కింద, ఇంకొకటి దాని పక్కనే నులక మంచం కిందో, బల్ల కిందో పెట్టండి. రెండు చోట్లా గాలి ఒకటే, నేల ఒకటే. తెల్లవారుజామున అయిదింటికి పిల్లల్ని లేపి తీసుకెళ్లి, రెండు గుడ్డల మీదా అరచెయ్యి పెట్టించండి. ఒకటి తడిగా, చల్లగా తగులుతుంది. ఇంకొకటి పొడిగా ఉంటుంది.